కార్డు వద్దన్న గర్భిణి

పదవీ విరమణకు ముందు ఏడాది, జనవరిలో, ఎమ్మిగనూరు దగ్గరి ఒక పల్లెకు మా విశ్వవిద్యాలయం నన్ను మూల్యాంకనానికి పంపింది. అంటే ఒక ఆరోగ్య పథకం ఊళ్లో నిజంగా ఎలా నడుస్తోందో చూసి నివేదిక రాయడం. చూడాల్సింది నా పథకాన్నే. ప్రొఫెసర్ కాకముందు ఒక దఫా జిల్లా పరిషత్ సభ్యురాలిగా, ఆరోగ్య స్థాయీ సంఘం అధ్యక్షురాలిగా పనిచేశాను. గర్భిణిగా పేరు నమోదై కార్డు పొందిన మనిషిని ఏ కూలీల మేస్త్రీ వలస పనికి తీసుకుపోకూడదని అప్పట్లో పట్టుబట్టి తీర్మానం చేయించాను. దాని మీద పాఠాలు చెప్పాను, వ్యాసాలు రాశాను. సన్మానాలు చేస్తామంటే కాదనలేదు.

గ్రామ నర్సు రిజిస్టరు చూపింది. వలస పోయిన గర్భిణులు ఎవరూ లేరు. భేష్ అనేశాను, బుద్ధి లేక.

బయట మిరప కోతలకు గుంటూరు పోయే లారీ నిండుతోంది. ఈరమ్మ అనే ఆమె కాలు పైకెత్తలేక, లారీ వెనక తలుపు పట్టుకుని రొప్పుతోంది. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కున్నా ఎనిమిదో నెల అని తెలిసిపోతూనే ఉంది. ముఖం, పాదాలు ఉబ్బి ఉన్నాయి. డాక్టర్ని కాబట్టి అక్కడే బీపీ చూశాను. చాలా ఎక్కువగా ఉంది. గుర్రపువాతానికి ముందు దశ అది, ఏ క్షణమైనా ఫిట్స్ రావచ్చు.

కార్డు ఏదమ్మా అంటే నా చెయ్యి పట్టుకుంది. "కార్డు వద్దు మేడమ్, నీ కాళ్లు మొక్కుతా. పేరు రాసినారంటే మేస్త్రీ ఎక్కిచ్చుకోడు. ఈడుండి ఏం తినాల?"

ఆమె అత్త అందుకుంది. "మా ఊర్లో ఎవురూ రాపిచ్చుకోరు మేడమ్. ఎవురో మహాతల్లి పెట్టిందంట ఈ రూలు."

నర్సు వైపు చూశాను. కడుపుతో ఉన్నావా అని అడిగితే లేదంటారు, నేనేం రాయాలి అంది.

ఈరమ్మను మా జీపులో ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాం. దారిలోనే ఫిట్స్ వచ్చాయి. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. మొదటి నెలల్లోనే పేరు రాయించుకుని ఉంటే బీపీ అప్పుడే బయటపడేది, మందులిచ్చేవాళ్లం. రాయించుకోకుండా భయపెట్టింది నేను.

నివేదికలో అదే రాశాను. తీర్మానం రద్దు కావడానికి మరో ఏడాది పట్టింది.

పనికి పోవద్దని రాసేవాళ్లు, పోకపోతే ఆ ఇంట్లో కూడు ఎలా ఉడుకుతుందో కూడా రాయాలి. తీర్మానం చేసిన రోజు సంఘంలో ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు. అధ్యక్షురాలిని నేనే.