ఇద్దరికీ ఒకే ఇంటిపేరు

డెబ్బైల్లో గల్ఫ్‌లోని మత్రా ఓడరేవు దగ్గర ఒక చిన్న ఆస్పత్రిలో నేను నర్సుని. మా ఆయన అక్కడే ఎక్స్‌రే గదిలో పనిచేసేవారు. నాది కృష్ణా జిల్లా, ఆయనది విశాఖ వైపు. చుట్టరికం లేదు. కానీ ఇంటిపేరు ఒకటే. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం కదా, డ్యూటీ చార్టులో మా పేర్లు ఒకేలా మొదలయ్యేవి. అది చూసి మలయాళీ మేట్రన్ మమ్మల్ని అన్నాచెల్లెళ్ళనుకుంది. సెలవు ఒకే రోజు ఇచ్చేది, హాస్టల్ వరండాలో కూర్చుని మాట్లాడుకోనిచ్చేది. నేను సరిదిద్దలేదు. ఎందుకు దిద్దాలి? అలా మాట్లాడుకోగా మాట్లాడుకోగా ప్రేమ పుట్టింది. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

పెళ్ళి మాట ఎత్తగానే కొంపలు మునిగినంత గోల. మేట్రన్ వారం రోజులు నాతో మాట్లాడలేదు. అక్కడ సెలవు రోజైన శుక్రవారం చర్చి ఆరాధన నడిపే మా తెలుగు పెద్దాయన తల పట్టుకున్నాడు.

“అన్నాచెల్లెళ్ళ వరస కదే అమ్మాయ్! నేను జరిపించను.”

“మా ఇద్దరికీ కలిసే తాత ఒక్కణ్ణి చూపించండి అయ్యగారూ, ఇప్పుడే మానేస్తాను.”

చూపించలేకపోయాడు. అయినా ఒప్పుకోలేదు. నాన్న కూడా వద్దని రాశారు. ఆ రోజు వార్డులోనే ఏడ్చేశాను.

స్పెయిన్ నుంచి వచ్చిన డాక్టరమ్మ చూసి సంగతి అడిగింది. ఆవిడ కోటు మీది బిళ్ళపై ఒకే ఇంటిపేరు రెండుసార్లు ఉండేది. అచ్చుతప్పనుకునేదాన్ని. వాళ్ళు తండ్రిదీ తల్లిదీ రెండు ఇంటిపేర్లూ పెట్టుకుంటారట. ఆవిడకి రెండూ ఒకటే. ఆ ఇంటిపేరుతో ఒక బిషప్పు, ఒక సేనాధిపతి, పేరుమోసిన గాయని, ఎద్దులతో తలపడే వీరుడు ఉన్నారని గర్వంగా చెప్పింది.

“అందరూ మీ చుట్టాలా?” అన్నాను.

“ఒక్కరూ కారు. పెళ్ళయ్యేదాకా మా అమ్మకి మా నాన్న కూడా ఏమీ కాడు.”

నా ఏడుపు ఆగింది. ఒళ్ళు మండింది. అక్కడ లేని పాపం నాకు మాత్రం ఎక్కడిది?

ఆ నెలలోనే పెళ్ళి చేసుకున్నాం. వేరే సంఘం పాస్టరు జరిపించాడు, డాక్టరమ్మ సాక్షి సంతకం పెట్టింది. అక్కడి మా తెలుగువాళ్ళలో ఇద్దరే వచ్చారు.

తరువాత నాన్న ఉత్తరం వచ్చింది. “నువ్వు మాకు లేవు. ఇకమీదట మా ఇంటిపేరు నీ పేరు ముందు రాసుకోవద్దు.” జవాబు ఆ పూటే రాశాను.

“నాన్నగారూ, అది ఇప్పుడు నా భర్త ఇంటిపేరు. తీసెయ్యమనే హక్కు మీకు లేదు.”