మక్కీ జరిపిన జకర్యా

మా నాయన జకర్యా లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా ఆయన కాలు తొక్కితే ఆయనే క్షమించమని అడిగే రకం. ఈ గుణం చూస్తే ఆయన బతికినన్నాళ్ళూ నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆయన లేడు. కోపం మాత్రం పోలేదు. అది ఆయన మీదో నా మీదో తేల్చుకోలేకే ఇది రాస్తున్నాను.

వర్క్‌షాపు వాళ్ళకు ఒక రైఫిల్ క్లబ్బు ఉండేది. తుపాకుల మరమ్మతు నాయనదే. స్టోర్సులో గుమాస్తా యాకూబ్ అలీ ఆయనకు ప్రాణస్నేహితుడు, నాకు చాచా. చాచాకు చాంద్‌మారీ పిచ్చి, అంటే గురిపెట్టి కాల్చే ఆట. ప్రతి డిసెంబరులో పోటీ జరిగేది, ప్రతిసారీ చాచా అందరికంటే కింద ఉండేవాడు. లోపం ఒక్కటే. పేలబోయే క్షణాన ఉలిక్కిపడి ట్రిగ్గర్‌ను గుంజేవాడు. గుండు ఎప్పుడూ జానెడు ఎడమకు పోయేది.

"ఊపిరి సగం ఇడువు భాయ్, సగం లోపల్నే ఆపు. నిమ్మకాయ పిండినట్టు మెల్లగ నొక్కు, గుంజకు," అని నాయన రెండేళ్ళు చెప్పాడు. ఖాళీ తుపాకీ గొట్టం మీద చొక్కా బొత్తాం నిలబెట్టి, అది పడకుండా నొక్కడం నేర్పాడు. ఖాళీ తుపాకీతో బొత్తాం కదిలేది కాదు. గుండు వేస్తే మళ్ళీ అదే ఉలికిపాటు.

ఫిట్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది! రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి కుదరకపోతే ఏదో ఒకదాన్ని ఆకురాయితో రాసి కుదర్చడమే ఆ పని. మనిషి కుదరలేదు కనుక నాయన తుపాకీని కుదిర్చాడు. గొట్టం చివర గురి చూసుకునే చిన్న ఇనుప ముక్కను మావాళ్ళు మక్కీ అంటారు, ఈగలా కూర్చుని ఉంటుందని. 1947 పోటీకి వారం ముందు చాచా వాడే తుపాకీ మక్కీని నూలుపోగంత ఎడమకు జరిపి బిగించాడు. ఇక ఆ తుపాకీ కుడికి కొడుతుంది, చాచా చెయ్యి ఎడమకు లాగుతుంది, గుండు నడిమధ్యన తగులుతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చాచాకు కూడా చెప్పలేదు.

చాచా కప్పు గెలిచాడు. "నా చెయ్యి కుదిరింది జకర్యా భాయ్! అంతా నువ్వు నేర్పిన ఊపిరే!" అంటూ కాలనీ అంతా మిఠాయి పంచాడు. నాయన కూడా నవ్వి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

మరుసటి సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ వచ్చింది. నాలుగైదు రోజుల్లో నిజాం రాజ్యం ముగిసింది. క్లబ్బు తుపాకులన్నిటినీ మిలిటరీ వాళ్ళు పట్టుకుపోయారు. ఆ వెనకనే కొలువుల్లో ఏరివేత షురూ అయింది. చాచా ఎవరి జోలికీ పోయినవాడు కాదు, రజాకార్లు కనిపిస్తే తలుపు గడియ పెట్టుకునేవాడు. కానీ అది పేరును బట్టి మనిషిని అనుమానించే కాలం. ఆయన పేరు కూడా జాబితాకెక్కింది. కొత్తగా వచ్చిన అధికారి ఒక్క దారి చూపించాడు. కాపలావాళ్ళకు తుపాకీ నేర్పే మనిషి కావాలి, మిలిటరీ తుపాకీతో ఐదు గుండ్లు కాల్చి నాలుగు తగిలిస్తే ఉద్యోగం ఉంటుందన్నాడు.

పరీక్ష సోమవారం. ఆదివారం చర్చి నుంచి నాయన నేరుగా చాచా ఇంటికి పోయాడు. జానెడు కుడికి గురిపెట్టుమని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చాచా అప్పుడే కప్పు తుడుచుకుంటూ భార్యతో, "ఫికర్ చెయ్యకు, ఈ చెయ్యి ఉన్నది గదా," అంటున్నాడట. నాయన చాయ్ తాగి వచ్చేశాడు. అయ్యో, చాయ్ తాగి వచ్చేశాడు!

సోమవారం గురిపలక కింద గోతిలో కూర్చుని, తగిలిందా లేదా జెండాతో చూపించే పని నాయన మీదే పడింది. ఐదు గుండ్లూ ఒక్క అరచేయి కిందికి వచ్చేంత దగ్గర దగ్గరగా పడ్డాయి, జానెడు ఎడమకు. తప్పిందని చెప్పే ఎర్రజెండా నాయన ఐదుసార్లు ఊపాడు.

ఆ సాయంత్రం నా ముందు కూర్చుని అన్నీ చెప్పి ఏడ్చాడు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, మిషన్ బడిలో పంతులమ్మను. జాలి పడాల్సిందిపోయి విరుచుకుపడ్డాను. "నీ మంచితనం మన్నుగాను! ఆ మనిషి తన చెయ్యే చెడిందనుకుంటడు. పోయి నిజం చెప్పు నాయినా!"

ఉద్యోగం పోయాక చాచా కుటుంబంతో బొంబాయి మీదుగా కరాచీలో ఉన్న చెల్లెలి దగ్గరికి బయలుదేరాడు. నాయన రానంటే రానన్నాడు. నేనే రెక్క పట్టుకుని సికింద్రాబాద్ స్టేషనుకు లాక్కెళ్ళాను. చాచా మమ్మల్ని చూసి బండి దిగి నాయనను కౌగిలించుకున్నాడు.

"గింత పరేషానెందుకు భాయ్? గుండు తప్పింది, నసీబ్. నౌకరి పోతే పోయింది."

"నీ తప్పు గాదు భాయ్," అన్నాడు నాయన. "నువ్వు కప్పు గెలిచిన దినానికి ముందే మక్కీని నేనే జరిపిన. నీ గుండు ఎడమకు పోతదని."

చాచా కౌగిలి వదిలాడు.

"అంటే... ఆ దినం సుత నా చెయ్యి గిట్లనే ఉండెనా?"

నాయన తలవంచుకున్నాడు. చాచా కోపగించుకోలేదు. నా తల మీద చెయ్యి పెట్టి, "నా జిందగీల ఒక్కపాలి గెలిచిన అనుకుంటుంటి బేటీ," అన్నాడు. బండి కదిలితే ఎక్కి లోపలికి పోయాడు. కిటికీ దగ్గరికి రాలేదు. కరాచీ నుంచి ఒక్క ఉత్తరమూ రాలేదు.

నాయన నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఆదివారమే చెప్పి ఉంటే చాచా ఉద్యోగం నిలిచేది, నిజమే. కానీ స్టేషనులో చెప్పకుండా ఉంటే, కనీసం ఆ గెలుపన్నా ఆయన వెంట కరాచీ దాకా పోయేది. నాయన వద్దనే అన్నాడు. లాక్కెళ్ళింది నేను.