తుపాకీ పక్కన నిలబడి కౌజును పిలిచిన రోజు

షార్జా నుంచి ధైద్ తోటలకు ఎలా వెళ్లాలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. దారి చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. కానీ నేను మొదటిసారి ఆ దారిన ఎందుకు వెళ్లానో చెప్పకుండా దారి చెప్పడం నాకు చేతకాదు. డెబ్భైల చివరి మాట. అప్పటికింకా వేట మీద నిషేధం రాలేదు. జెబెల్ అలీలో రేవు కడుతున్నారు. నేను ఒక కంపెనీ ముదీర్‌కు, అంటే మేనేజరుకు, కారు డ్రైవర్ని. ఆయన ఇంగ్లండు దొర. వాళ్ల ఊళ్లో ఫెజెంట్ అనే పొడుగు తోక పిట్టను కుక్కలతో వేటాడతారట. ఎడారిలో ఆ పిట్ట ఎక్కడ దొరుకుతుంది? అయినా వేటకుక్కలు రెండింటిని విమానమెక్కించి తెప్పించుకున్నాడు. ఫెజెంటు లేనిచోట కౌజుతో సరిపెట్టుకుందామని ఆ శుక్రవారం బయల్దేరాడు.

నాకు మాత్రం ఆ ప్రయాణంలో వేరే పని ఉంది. చుట్టీ, అంటే సెలవు, అడగాలి. పెళ్లయిన అయిదు నెలలకే జగిత్యాల పక్కన మా ఊరు విడిచి వచ్చినవాణ్ణి. రెండేళ్లకు సెలవన్నారు, మూడేళ్లు దాటింది. ముదీర్ సంతకం పెడితే తప్ప మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్, పెట్టెలోంచి నా పాస్‌పోర్టు బయటికి రాదు. ఆ కుక్కలకు కూడా సీళ్లు వేసిన కాగితాలుండేవి. వాటిని మాత్రం దొర తన ఇంట్లోనే, మెడపట్టీల పక్కన భద్రంగా పెట్టేవాడు. ఆ కుక్కలు కావాలంటే మర్నాడే ఇంటికి వెళ్లిపోవచ్చు. పాపం, వాటికి అడగడం రాదు.

తెల్లవారుజామున నాలుగున్నరకు కారు తీశాను. దొర ఇంట్లో వంట చేసే సత్యవతక్క ఫ్లాస్కునిండా చాయ్ పోసి, గుడ్డు చుట్టిన పరోటాలు పొట్లం కట్టి ఇచ్చింది. ఆమెది రాజోలు వైపు. నోరు మంచిది, చురుకు ఎక్కువ.

“ఏవయ్యా రాజయ్యా, కుక్కలకేమో కోడి, మనకేమో పప్పుచారు! మళ్లీ జన్మంటూ ఉంటే దొరగారి కుక్కగా పుట్టాలయ్యా బాబూ.”

“పుడుదువు గని అక్కా, ముందుగాల నా ముచ్చట చెప్పు. ఎప్పుడడగాలె?”

“పిట్ట పడ్డాక అడుగు. పిట్ట పడని రోజున ఆయన్ని మంచినీళ్లడిగినా లేదంటాడు.”

జెబెల్ అలీ నుంచి దుబాయ్ దాటి షార్జా చేరడానికి అప్పట్లో గంట సరిపోయేది. షార్జాలో ఒక మలయాళీ హోటల్ ముందు ఆగి, కుక్కలకు నీళ్లు పెట్టి, నేను పావు దిర్హానికి ఒక చాయ్ తాగాను. ఫ్లాస్కులోది దొరకు, గాజు గ్లాసులోది నాకు. అక్కడి నుంచి ధైద్ ఇంకో ముప్పావుగంట. ఎర్రటి ఇసుక తిన్నెలు అయిపోయి, మన జమ్మి లాంటి గాఫ్ చెట్ల మైదానం వచ్చి, ఉన్నట్టుండి ఖర్జూరపు తోటలు కనిపిస్తాయి. తోట కఫీల్ స్నేహితుడిది. కాపలా ఉన్నది ఒక బలూచీ ముసలాయన.

కుక్కల పని ఎలా ఉంటుందో చూడనివాళ్లకు చెప్పాలి. కుక్క వాసన పట్టుకుంటూ గడ్డిలో అటూ ఇటూ ఉరుకుతుంది. పిట్ట దాక్కున్న పొద దొరకగానే మొరగదు, మీద పడదు. ముందు కాలు ఒకటి పైకెత్తి, తోక చాచి, రాతిబొమ్మలా నిలబడిపోతుంది. మనిషి వెళ్లి పిట్టను లేపాలి, వేటగాడు గాలిలో కొట్టాలి. పద్ధతైన వేట, కాదనను. కానీ మన కౌజుకు ఆ పద్ధతి ఎవరూ నేర్పలేదు. అది నక్కి కూర్చోదు. కాళ్లకు బుద్ధి చెబుతుంది. కుక్క కాలెత్తి నిలబడేసరికి పిట్ట నాలుగు పొదలు దాటిపోయేది. తొమ్మిదయింది. ఒక్కటీ పడలేదు. కుక్కలు సిగ్గుపడ్డాయి, దొర ముఖం టమాటాలా అయింది. నా చుట్టీ కూడా ఆ పొదల వెంటే పరుగెత్తిపోతోంది.

అప్పుడే తోట చివర కౌజు పలికింది. నాకు తెలియకుండానే నా నోరు దానికి జవాబిచ్చింది.

దొర గిర్రున తిరిగాడు. బలూచీ ముసలాయన నోరు తెరిచాడు. “అరే మద్రాసీ, గొంతులో పిట్టను పెంచుతున్నావా?” అన్నాడు ఉర్దూలో.

ఆ పిలుపు మా తాత నేర్పింది. ఆయన కౌజులకు ఉచ్చులు వేసేవాడు. నేను మాత్రం దాన్ని వేరే పనికి వాడుకున్నాను. పెళ్లయిన కొత్తలో మక్కచేను గట్టు మీద నిలబడి కౌజులా పిలిచేవాణ్ణి. కౌజుల్లో మగది మొదలుపెడితే ఆడది అందుకుంటుంది. ఇంట్లోంచి నా భార్య లచ్చవ్వ అందుకునేది. సద్ది వస్తోందని అర్థం. ఊళ్లో ఎవరికీ అనుమానం రాలేదు, పిట్టలనుకున్నారు.

“మళ్లీ పిలువు,” అన్నాడు దొర, సైటు మీద నేర్చుకున్న హిందీలో.

పిలిచాను. తన జాగాలో ఎవడో దూరాడని ఆ మగ పిట్ట కొట్లాటకు దగ్గరికొచ్చింది. దాని వెనకే ఆడది గొంతు కలిపింది. రెండు కుక్కల్లో ముసలిది కాలెత్తి నిలబడింది. ఈసారి పిట్టలు కదల్లేదు, నా పిలుపు కోసం చెవులు పెట్టుకుని పొదలోనే ఉన్నాయి. దొర తుపాకీ ఎత్తి, వెళ్లి లేపమని నాకు సైగ చేశాడు. తుపాకీకి అడ్డం రాకుండా పక్కనుంచి చుట్టి వెళ్లాలని నాకు తెలుసు. ఇరవై అడుగుల దూరంలో నా సెలవు ఉందనీ తెలుసు. కానీ మా తాతకు ఒక పట్టింపు ఉండేది: జోడీ పలికిన చోట ఉచ్చు ఎత్తేయాలి. నేను తిన్నగా నడిచి, తుపాకీ గొట్టానికీ పొదకూ మధ్య నిలబడి చప్పట్లు కొట్టాను. రెండు పిట్టలూ నా వెనక నేలబారుగా ఎగిరిపోయాయి.

“బేవకూఫ్! చచ్చేవాడివి!” అని అరిచాడు దొర.

కారు షార్జా చేరాక అడిగాడు, ఎందుకు చేశావని. అబద్ధం తోచలేదు, ఉన్నది చెప్పాను. గట్టు, సద్ది, లచ్చవ్వ, అన్నీ.

“జవాబిస్తుందా?”

“ఇస్తది సాబ్.”

వెనక్కి తిరిగి కుక్కల్ని చూశాడు. “ఈ కుక్కల్ని పెంచింది నా భార్య. ఆమె ఈల వేస్తే తప్ప పూర్తిగా మాట వినవు,” అన్నాడు. మనిషి మెత్తబడ్డాడనుకుని చుట్టీ మాట తీశాను.

“ఖలాస్, రాజయ్యా. రేవు పని అయ్యేదాకా ఎవరికీ లేదు. నాకు కూడా.”

సత్యవతక్క గుమ్మంలోనే నా ముఖం చూసి, “పోన్లే అయ్యా, పిట్టలైనా ఇంటికెళ్లాయి,” అని పప్పుచారు పోసింది.

సెలవు ఎనిమిది నెలలకు దొరికింది. ఊళ్లో బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా మక్కచేను గట్టెక్కి పిలిచాను. మూడు వైపుల నుంచి కౌజులు జవాబిచ్చాయి. ఇంటి వైపు నుంచి ఏమీ రాలేదు. మళ్లీ పిలిచాను, మళ్లీ పిలిచాను. చివరకు సంచి భుజాన వేసుకుని వాకిట్లోకి వెళితే లచ్చవ్వ బియ్యం చెరుగుతోంది. చేట కిందపడింది.

“నేను పిలిచింది ఇనలేదా?” అన్నాను, కొంచెం రోషంగానే.

“ఇన్న. మొదటి యేడు కౌజు అరిసినప్పుడల్లా గట్టు మీదికి ఉరికిన. రెండో యేడు సుత ఉరికిన. అటెన్క పిట్టను పిట్టే అనుకునుడు నేర్సుకున్న. గిది నువ్వని నాకేమెర్క?”

మనిషి దూరం పోతే గొంతు అయినా మిగులుతుందనుకుంటాం. అదీ ఎన్నాళ్లో ఉండదు, పిట్టల్లో కలిసిపోతుంది. తర్వాత లచ్చవ్వ మళ్లీ అందుకోవడం నేర్చుకుంది గానీ, ప్రతిసారీ ముందు ఒక్క క్షణం ఆగేది. ఆ క్షణం నాలుగేళ్ల పొడుగు ఉండేది. ఇక మీ ప్రయాణానికి ఒక్క మాట: చలికాలంలో, తెల్లవారుజామున ఫజర్ నమాజు వేళకు షార్జా దాటండి. ఎండ ముదరకముందే ధైద్ తోటల పక్కన కారు ఆపి, అద్దాలు దించి కూర్చోండి. కౌజుల జోడీ తప్పకుండా వినిపిస్తుంది. వినండి, అంతే. మీకు వాటి గొంతు వచ్చినా సరే, ఊరికే పిలవకండి. అవి నిజమనుకుని వస్తాయి.