గాలి బాగా ఇచ్చిన ప్రొపెల్లర్

అమీర్‌పేటలో నేను అద్దెకున్న గదిలో ఫ్యానుకు తిరగడం వచ్చు, గాలి ఇవ్వడం రాదు. ఇంటి ఓనరుకు చెబితే తలెత్తి చూసి, "తిరుగుతోంది కదయ్యా" అనేవాడు. ఆ మాట కాదనడానికి వీల్లేదు. తిరిగేది, కిర్రుమనేది, మధ్యమధ్యలో ఊగేది కూడా. దాని కింద నలుగురం చెమటలు కక్కుతూ జావా చదివేవాళ్లం. చివరికి విసిగిపోయి, కింద సందులో ఫ్యాన్లు బాగుచేసే భాయ్ దగ్గరికి మోసుకెళ్లాం. ఆయన రెక్కలు విప్పి, సరిచేసి బిగించాక గదిలో కాగితాలు ఎగిరాయి. ఈ నగరంలో నేను పూర్తిగా నమ్మిన మొదటి మనిషి ఆయనే.

నాది మెకానికల్ ఇంజనీరింగ్. ఆ రోజుల్లో ఆ డిగ్రీతో అమీర్‌పేటలో దిగినవాణ్ణి ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. చేతిలో కంప్యూటర్ కోర్సు కరపత్రం పెట్టి మెట్లు చూపించేవారు. ఊరు ఊరంతా కంప్యూటర్ల మీదికి ఎక్కుతున్న కాలం. మా ఇంట్లో బావ ఒక్కడే ఇంకా పడవ ఎక్కేవాడు.

బావ అంటే మా అక్క భర్త, యానాం వైపు మనిషి. హుస్సేన్‌సాగర్‌లో జనాన్ని తిప్పడానికి చిన్న మోటారు పడవ పెట్టుకున్నాడు. వెనక తగిలించే ఇంజను, పైన రంగుల గుడ్డ, ఒడ్డున పడవ కట్టుకోవడానికి అనుమతి ఉన్న కాస్త జాగా. పడవ కంటే ఆ జాగాయే ముఖ్యం. ఏటా ఒక అధికారి వచ్చి, పడవెక్కి ఒక చుట్టు తిరిగి, బాగుందంటేనే అది మరో ఏడాది మాది. లేదంటే దానికోసం కాచుకున్నవాళ్లకు పోతుంది. వాళ్లు తరచూ వచ్చి మా పడవను ఆప్యాయంగా చూసి పోయేవాళ్లు.

సరిగ్గా తనిఖీ దగ్గర పడ్డప్పుడే బావకు హెర్నియా ముదిరింది. పంజాగుట్టలో ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. మంచం మీద నుంచే నాకు పడవ అప్పజెప్పాడు.

"రోజూ ఒకసారి ఇంజను తిప్పు. తనిఖీ రోజు నువ్వే నడుపు. నేర్పాను కదా?"

"నేర్పావు బావా."

"నీళ్ల మీద ఏదైనా కనబడితే ఆలోచించకు. నీకు ఆ జబ్బుంది. ముందు ఇంజను ఆపు."

తనిఖీకి ముందురోజు పొద్దున పడవ తీశాను. వినాయక నిమజ్జనం అయి ఎన్నాళ్లో కాలేదు. పెద్ద విగ్రహాల చట్రాలను క్రేన్లు ఎత్తుకుపోయాయి. క్రేన్ల కంట పడనివి కొన్ని సగం తేలుతూ, సగం మునిగి, తీరిగ్గా తిరుగుతున్నాయి. అలాంటిదొకటి నాకు కనబడలేదు. ఠంగుమని మోత వినబడింది. పడవ వెన్ను జలదరించినట్టు వణికింది. ఆలోచించకుండా ఇంజను ఆపాను. బావ చెప్పినట్టే చేశాను, కాకపోతే ఒక్క క్షణం ఆలస్యంగా.

ఇంజనును పైకి లేపి చూస్తే ప్రొపెల్లర్ చుట్టూ కొబ్బరిపీచు, జరీ అంచు గుడ్డపేలిక, దాన్ని పట్టుకుని వేలాడుతున్న కర్రముక్క, ఇనుప చువ్వ. వెళ్లిరమ్మని సాగనంపిన స్వామి, వచ్చే ఏడాది దాకా ఆగలేకపోయాడు. ఉన్న మూడు రెక్కల్లో ఒకటి కుక్కచెవిలా మడతపడింది. ఒకదాని అంచు కాస్త చిట్లింది. మూడోది మాత్రం తనకేమీ తెలియనట్టు నిగనిగలాడుతోంది. తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు చేరాను. కాచుకున్నవాళ్లలో ఒకడు దయగా చెయ్యి అందించాడు. అప్పుడు మొదటిసారి భయమేసింది.

మారుది ఒకటి ఉంచుకోవద్దా అంటారేమో. ఉంచుకున్నాం. ఇప్పుడు మడతపడింది అదే.

కాకినాడ షాపుకు ఫోన్ చేశాను. "లారీకి వేసేస్తానండి, వారంలో వచ్చేద్దండి" అన్నాడు, వారమంటే చాలా తక్కువన్నట్టు. అధికారి దగ్గరికి పోయి వాయిదా అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు. టీ తాగమన్నాడు కూడా. "రేపంటే రేపే బాబూ. మీ ఎనక శానమంది ఉన్నరు" అన్నాడు. ఆ టీ ఎలా ఉందో గుర్తులేదు.

ప్రొపెల్లర్‌ను తువ్వాలులో చుట్టుకుని పంజాగుట్టలో వెల్డింగ్ షాపులు తిరిగాను. సముద్రం లేని ఊళ్లో మూడు రెక్కలున్నది ఏదైనా ఫ్యానే. "మేం గేట్లు జేస్తమన్నా, ఫ్యాన్లు జెయ్యం" అన్నాడొకడు. "గింత పాత ఫ్యాన్‌కు గింత ఫికరెందుకే? కొత్తది కొనుక్కో" అన్నాడింకొకడు. బస్సులో కండక్టరు, "ఫ్యాన్‌ను ఒళ్లె వెట్టుకో అన్నా, జనానికి గుచ్చుకుంటది" అన్నాడు. అమీర్‌పేటలో దిగగానే కరపత్రాల కుర్రవాడు నా చేతులు ఖాళీగా లేవని చూసి, ఒక కరపత్రాన్ని రెక్కల మధ్య దోపాడు. అందులో ఉద్యోగం గ్యారంటీ అని ఉంది.

ఇక మిగిలింది భాయ్.

"క్యా హువా సాబ్, మళ్ల ఫ్యాన్ ఖరాబైందా?"

"ఫ్యాన్ కాదు భాయ్, పడవది. ఇది తిరిగితేనే పడవ ముందుకు పోతుంది. రేపు పొద్దున తనిఖీ. పోకపోతే మా బావ బతుకు పోతుంది. ఆయనేమో ఆపరేషనై ఆస్పత్రిలో ఉన్నాడు."

భాయ్ రెక్క మీద వేలితో కొట్టి విన్నాడు. "అల్యూమినియమే. మా ఫ్యాన్ రెక్కలు సుత గిదే మాల్. జర వేడి జేసి కొడితె సక్కగైతది. నీళ్లల్ల తిరిగితేంది, గాలిల తిరిగితేంది సాబ్? తిరుగుడు ఒక్కటే."

అది నాకు చాలా శాస్త్రీయంగా వినబడింది. ఆ పూట నాకు ఏ మాటైనా శాస్త్రీయంగానే వినబడేది.

ప్రొపెల్లర్ అక్కడ పెట్టి, అక్కకు అన్నం పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను.

"పడవ ఎలా ఉంది?" అన్నాడు బావ.

"ఒడ్డున ఉంది బావా."

అబద్ధం ఆడలేదు. అక్క నా చేతులు చూసింది. "ఆ నల్లదేంట్రా? కంప్యూటర్లకు గ్రీజు పెడతారా ఏంటి?"

"కొత్త కోర్సక్కా."

ఇది అబద్ధమే. బావ నవ్వబోయి, కుట్లు లాగడంతో ఆపుకున్నాడు. ఆ నవ్వు చూశాక అక్కడ కూర్చోలేకపోయాను.

తిరిగి వచ్చేసరికి సందులో జనం మూగి ఉన్నారు. భాయ్ నా ప్రొపెల్లర్‌ను ఒక మోటారుకు బిగించి తిప్పుతున్నాడు. ఊగడం లేదు, చప్పుడు లేదు. ఎదురుగా నిలబడ్డవాళ్ల చొక్కాలు ఎగురుతున్నాయి. "మస్తు గాలొస్తుంది భాయ్" అని ఎవరో మెచ్చుకున్నారు.

మోటారు ఆపాడు. రెక్కలు నిలిచాయి. మూడు రెక్కలూ అప్పడాల్లా చదునుగా ఉన్నాయి.

"ఒకటే చెడిందన్నవ్ గని సాబ్, మిగిలిన రెండు సుత మెలి తిరిగి ఉన్నయ్" అన్నాడు భాయ్ తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ. "మూడింటిని సాఫ్ కొట్టి, ఫ్యాన్‌కుండే వాలు ఇచ్చిన. మీ బావ దవాఖానల ఉన్నడంటివి గద, మంచిగ జెయ్యాలె అనుకున్న."

"భాయ్, ఆ మెలి ఉండాలి. ఆ మెలే నీళ్లను వెనక్కు నెడుతుంది."

భాయ్ మొహంలో రంగు పోయింది. "ముందుగాల చెప్పొద్దా సాబ్?" అన్నాడు, మెల్లగా. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. ఆయన జీవితంలో మెలి తిరిగిన రెక్కంటే చెడిపోయిన రెక్కే.

మెలి ఎంత ఉండాలని అడిగాడు. నేను మెకానికల్ ఇంజనీర్ని. యూనివర్సిటీ వాళ్లు ఆ సంగతి కాగితం మీద కూడా రాసిచ్చారు. చేతిని గాలిలో అటూ ఇటూ వంచి, "ఇంత" అన్నాను. ఒక రెక్కను మళ్లీ వేడిచేసి వంచబోయాడు. రెక్క మొదట్లో టిక్కుమంది. వెంట్రుకంత చీలిక. ఇద్దరం ఒకేసారి చేతులు వెనక్కు తీసుకున్నాం. ఇంకొంచెం వంచితే రెక్కే ఊడి వస్తుంది.

"గిట్లనే పోతదేమో సాబ్. గాలైతే మంచిగనే వచ్చింది" అన్నాడు. నేనూ అదే పట్టుకున్నాను. గాలి వచ్చింది కాబట్టి నీళ్లూ కదులుతాయి. ఆ రాత్రి మా గది ఫ్యాను కింద పడుకుని ఈ సిద్ధాంతాన్ని చాలాసార్లు నిరూపించుకున్నాను.

పొద్దున అధికారి వచ్చి పడవలో కూర్చున్నాడు. తాడు విప్పి ఇంజను స్టార్ట్ చేశాను. అంత గొప్పగా ఎప్పుడూ అరవలేదది. వెనక నీళ్లు గోలీసోడా కొట్టినట్టు తెల్లగా నురగలెత్తాయి. పడవ కొంచెం ముందుకు జరిగింది. ఎదురుగాలి దాన్ని అక్కడే పట్టుకుంది. ఇంకా రైజ్ చేశాను. ఇంకా అరిచింది.

"ఇగ పోదాం బాబూ" అన్నాడు అధికారి.

"పోతున్నాం సార్."

ఆయన ఒడ్డు వైపు చూశాడు. కాచుకున్నవాళ్లు చేతులు కట్టుకుని, మొహాలు ఆనవాలు పట్టేంత దగ్గరలో నిలబడి ఉన్నారు. గాలి పెరిగింది. పడవ నెమ్మదిగా, మర్యాదగా, వెనక్కి వాళ్ల దగ్గరికి వెళ్లింది. నిన్న చెయ్యి అందించినవాడే మళ్లీ అందించాడు, ఈసారి అధికారికి.

ప్రొపెల్లర్ విప్పి, తువ్వాలులో చుట్టి, ఆస్పత్రికి తెచ్చాను. చెప్పడానికి బస్సులో రెండు మూడు రకాల మాటలు సిద్ధం చేసుకున్నాను. వాటిలో ఒకటి సరదాగా కూడా ఉంది. బావ నా మొహం చూసి, మాట్లాడొద్దన్నట్టు చెయ్యి చాపాడు. ఇచ్చాను. కళ్లు మూసుకుని ఒక రెక్క మీద అరచెయ్యి పెట్టి మొదటి నుంచి చివరిదాకా నడిపాడు. తర్వాత రెండోది. చీలిక దగ్గర వేలు ఆగింది. మూడోది ముట్టుకోలేదు. తువ్వాలు మళ్లీ కప్పి, గోడ వైపు తిరిగాడు.

అక్క గ్లాసులో పాలు కలుపుతోంది. చెంచా ఆపింది.

"రేపటి నుంచి లేచి నడవొచ్చన్నాడు డాక్టరు" అంది. "లేచి ఈయన ఎక్కడికెళ్లాలిరా?"