పిన్ని కంప్యూటరు

పిన్ని పోయాక, మొన్న తెనాలిలో ఆవిడ షాపు ఖాళీ చేస్తుంటే, మూలనున్న పాత కంప్యూటరు వీపు మీదికి నా చెయ్యి దానంతటదే వెళ్లింది. ఆ అలవాటు మా పెదనాన్నది. గేదెను కొనబోతే, ముందురోజు పాలు తియ్యకుండా ఉంచి పొదుగు నిండుగా చూపిస్తున్నారేమోనని, రెండు పూటలా తన ఎదుట పితికిస్తేగాని బేరం మాట్లాడని మనిషి. ఎవరైనా కాఫీ ఇచ్చినా "ఇంత మర్యాద దేనికంటావ్?" అని నా చెవిలో గొణిగేవాడు. అన్నిటినీ అనుమానిస్తే ఎప్పుడో ఒకటి నిజం కాకపోదు.

బాబాయి పోయాక పిన్ని పెళ్లికార్డులు చేసి బతికేది. తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేరు బాబాయి ఎప్పుడో కొన్నది. తొంభైల చివర్లో, సరిగ్గా ముహూర్తాల ముందు ఆవిడ కంప్యూటరు కాలిపోయింది. కొత్తవాటిలో ఆ సాఫ్ట్‌వేరు తెరుచుకోనంది. పాతది దొరక్కపోతే ఒప్పుకున్న కార్డులు వదులుకుని షాపు మూసెయ్యడమే. కంప్యూటరు కోర్సు చేశానని నన్నూ, బేరానికి పెదనాన్ననూ వెంటబెట్టుకుని బయల్దేరింది.

రేపల్లెలో ఒకాయన తన పాత కంప్యూటరును మేం వెళ్లేసరికే ఆన్ చేసి ఉంచాడు. పిన్ని ఫ్లాపీ పెట్టగానే అక్షరాలు టకటకా వచ్చేశాయి. నేను మురిసిపోతుంటే పెదనాన్న దాని వీపు మీద చెయ్యి వేశాడు.

"ఏంటయ్యా, ఇది కాలిపోతోంది? పొద్దుణ్ణుంచీ నడుపుతున్నావా?"

"మీరొస్తారని కదండీ..."

"ఆపెయ్. భోంచేసి వస్తాం."

నాకు తల కొట్టేసినట్టయింది. భోంచేసి వచ్చాక ఎంత నొక్కినా అది లేవలేదు. వేడెక్కితేగాని పనిచెయ్యని దాన్ని ముందే వేడిచేసి కూర్చోబెట్టాడన్నమాట.

బాపట్లలో రిటైరైన లెక్చరరుగారి ఇంట్లో ఉన్నది గుడ్డ కప్పి, చల్లగా ఉంది. మూలుగుతూ, ఆలస్యంగా లేచింది. అక్షరాలు వచ్చాయి. పెదనాన్నకు అదీ నచ్చలేదు. "అడగ్గానే ఇస్తానంటున్నాడు. ఏదో ఉంది. ఇంకోచోట చూద్దాం" అన్నాడు.

ఆయనకు ఏనాడూ ఎదురు చెప్పని పిన్ని, "చాలండి బావగారూ. దీన్ని నేను నమ్ముతున్నాను" అంది. పెదనాన్న బేరం ముగించాడు. తిరుగు బస్సులో ఆయనే ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని, తెనాలి వచ్చేదాకా దానిమీంచి చెయ్యి తియ్యలేదు.

ఆ ఏడాది ముహూర్తాలే కాదు, ఆ తర్వాత ఎన్నో పెళ్లిళ్ల కార్డులు దాన్లోంచే వచ్చాయి. పిన్ని షాపు నిలబడింది. పెదనాన్న మాత్రం వచ్చినప్పుడల్లా దాని వీపు తడిమి, ఇంకా నమ్మకం కుదరనట్టే వెళ్లేవాడు. మొన్న నా చేతికి అది చల్లగా తగిలింది. ఆయనుంటే ఈసారి అనుమానించేవాడు కాదు. ఇన్నేళ్లూ పిన్ని పనితో వేడిగానే ఉండి, ఆవిడ పోయాకే అది చల్లబడింది.