ఫ్రిజ్ మీది గాల్వే క్యాలెండర్

అబుదాబీలో నేను పనిచేసిన ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక క్యాలెండర్ ఉండేది. ఐర్లండులో గాల్వే అనే ఊళ్ళో, ఒక మాంసం కొట్టువాళ్ళు ఏటా తమ ఖాతాదార్లకి ఊరికే ఇచ్చే క్యాలెండర్ అది. మా మేడం పుట్టిల్లు ఆ ఊరే. వాళ్ళమ్మగారు డిసెంబరులో దాన్ని చుట్టచుట్టి పోస్టులో పంపేవారు. పంపేముందు ఆ ఊరి పండగలూ పోటీలూ అన్నీ ఎర్రపెన్నుతో గళ్ళల్లో రాసేవారు. మార్చి నడిమిలో ఆకుపచ్చ బట్టల ఊరేగింపు. జూలైలో రెండు వారాలు నాటకాలు, పాటలు. జూలై ఆఖరి సోమవారం మొదలుకుని వారం రోజులు గుర్రప్పందాలు. సెప్టెంబరు చివర్లో ఆల్చిప్పల పండగ. పచ్చి ఆల్చిప్పల మీద నిమ్మకాయ పిండుకుని అలాగే మింగేస్తారని మేడం చెబితే, పులస పులుసు తిని పెరిగిన నాకు ఆ పూట అన్నం సయించలేదు.

నేను ఆ ఊరు చూడలేదు, చూసే యోగమూ లేదు. అయినా ఐదేళ్ళలో దాని పండగలన్నీ నాకు నోటికొచ్చేశాయి. ఎందుకంటే నా సెలవు ఆ గుర్రాల చేతిలో ఉండేది. మేడం స్కూల్లో టీచరు. వేసవి సెలవల్లో పందాల వారానికి అందేలా ఇంటిల్లిపాదీ గాల్వే వెళ్ళేవాళ్ళు. వాళ్ళు అటు వెళ్తేనే నన్ను ఇటు మా ఊరు పంపేవాళ్ళు.

మాది కోనసీమ. మా ఆయన పోయాక, పదేళ్ళ కూతుర్ని మా అక్క దగ్గర ఉంచి 2020 జనవరిలో విమానం ఎక్కాను. వచ్చిన రెండు నెలలకే లోకమంతా తలుపులు మూసుకుంది. ఆ ఏడాది మేడం ఫ్రిజ్ ముందు నిలబడి ఎర్ర అక్షరాల మీద ఒక్కొక్కటే అడ్డగీత కొట్టుకుంటూ పోయింది. ఊరేగింపు లేదు, గుర్రాల దగ్గర జనం లేరు, నాకు సెలవూ లేదు. మరుసటేడు ఊరెళ్ళినవాళ్ళు తిరిగి రాలేక అక్కడే చిక్కుబడిపోతుంటే భయపడి నేనే కదల్లేదు. నా కూతుర్ని మళ్ళీ చూసేసరికి 2022 జూలై. నా భుజం దాకా వచ్చేసింది. బస్సు దిగగానే గుర్తుపట్టలేక పక్కపిల్లని పలకరించబోయాను. ఆ సంగతి ఇప్పటికీ చెప్పి నన్ను ఏడిపిస్తుంది.

దానికి కబడ్డీ పిచ్చి. స్కూలు జట్టులో ఎడమ మూల నిలబడేది. కూతకొచ్చిన పిల్ల కాలి మడమ దొరకబుచ్చుకుని ఆపడం దాని పని. కానీ స్కూలు పోటీలు ఆగస్టు దాటాక మొదలవుతాయి. మండలం, డివిజను దాటి జిల్లా దాకా వెళ్ళేసరికి అక్టోబరు వచ్చేస్తుంది. నా సెలవు జూలైలో. నేను వెళ్ళినప్పుడు అది ఆడదు, అది ఆడేటప్పుడు నేను ఉండను. మోకాళ్ళ మీది మచ్చలు చూసి ఏ దెబ్బ ఏ ఆటలో తగిలిందో అడిగి తెలుసుకునేదాన్ని.

అక్క ఫోనులో దెప్పేది. "ఏంటే, గుర్రాలు పరిగెట్టినప్పుడే రావాలా నువ్వు? నీ కూతురు ఆడేటప్పుడు రాకూడదా?"

నా పిల్ల ఆట ఒక్కటీ చూడని నేను మేడం కూతురి ఆట ఒక్కటీ వదల్లేదు. నేను చేరేనాటికి ఆ పాపకి మూడేళ్ళు. నేను ఫోనులో మా అక్కని "అక్కా" అనడం విని నన్నూ "అక్కా" అనడం మొదలుపెట్టింది. నా దగ్గర పెరిగి తెలుగు బాగానే పట్టేసింది. గాల్వేలో అమ్మమ్మతో వీడియోకాల్లో "పాలొద్దు, ఆకలి లేదు" అంటుంటే ఆవిడ బిత్తరపోయేది. అబుదాబీలో ఐరిష్‌వాళ్ళంతా కలిసి పిల్లలకి తమ దేశపు బంతాట నేర్పిస్తారు. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు. చేతిలో పట్టుకుని మాత్రం నాలుగడుగులకి మించి పరిగెత్తకూడదు. ఆ లోపల నేలకేసి కొట్టాలి, లేదా కాలితో తన్నుకుని మళ్ళీ అందుకోవాలి. లేకపోతే ఈల ఊది బంతి అవతలి జట్టుకి ఇచ్చేస్తారు. పాపతో పాటు ఇంటి వరండాలో "ఒకటి, రెండు, మూడు, వదులు" అని లెక్కపెట్టి పెట్టి ఆ ఆట నాకూ వచ్చేసింది. మ్యాచ్ రోజున బత్తాయిలు ముక్కలు కోసి డబ్బాల్లో సర్దేది నేనే. గీత బయట నిలబడి అందరికంటే గట్టిగా అరిచేదీ నేనే. మనసులో మాత్రం, ఈ గొంతు ఇక్కడ ఖర్చయిపోతోందే అని దిగులు పడేదాన్ని.

2024 వచ్చింది. నా కూతురు పదో తరగతి. స్కూలు జట్టులో దానికి అదే ఆఖరేడు. ఈసారి జట్టు జిల్లా దాకా వెళ్ళడం ఖాయమని వాళ్ళ పీఈటీ మేస్టారు అక్కతో చెప్పారట. నాకు రోషం వచ్చింది. మేడం దగ్గరికెళ్ళి, ఈ ఏడు జూలై సెలవు నాకొద్దు, బదులు అక్టోబరులో ఇమ్మన్నాను. ఎందుకో చెప్పాను. ఆవిడ కళ్ళు చెమర్చాయి. తన స్కూలుకి అక్టోబరులో ఒక్క వారమే సెలవలనీ, ఆ వారమైతే పాపని తనే చూసుకోగలననీ అంది. నెల ఇచ్చి వారం పుచ్చుకున్నాను. ఆ జూలైలో వాళ్ళు గాల్వే వెళ్తే, నేను ఆ పెద్ద ఇంట్లో ఒక్కదాన్నే మొక్కలకి నీళ్ళు పోసుకుంటూ ఎండ చూస్తూ కూర్చున్నాను. బాధ లేదు. జిల్లా ఆటలు ఆ వారంలోనే సోమవారమని మేస్టారు చెప్పారు. అక్టోబరు పేజీలో ఆ సోమవారం గడిలో మేడమే ఆకుపచ్చ పెన్నుతో కబడ్డీ అని రాసిపెట్టింది. గాల్వే క్యాలెండర్లో నా కూతురి ఆట! ఫొటో తీసి అక్కకి పంపాను.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. ఆ జూలైలో మేడం పందాల మైదానం నుంచి వీడియోకాల్ చేసింది. ధారగా వాన. వాళ్ళమ్మగారి టోపీ మీది పూలు తడిసి ముద్దయి చెవుల మీద వేలాడుతున్నాయి. బురదలో గుర్రాలు పరిగెడుతూనే ఉన్నాయి, జనం గొడుగుల కింద కేకలు వేస్తూనే ఉన్నారు. ఆ ఊళ్ళో వాన పడని పండగ ఉండదు, వాన పడిందని ఆగే పండగా ఉండదు. కరోనా ఏళ్ళు వదిలేస్తే, ఎర్రపెన్నుతో రాసిన తేదీ ఒక్కటీ తప్పడం నేను చూడలేదు. అలా చూసీ చూసీ, గడిలో రాసిందంటే జరిగి తీరుతుందని నమ్మేశాను. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, అక్టోబరులో మాకు వాయుగుండాలొస్తాయని మర్చిపోయాను. వెళ్ళడానికీ రావడానికీ మార్చడానికి వీల్లేని టికెట్టు కొన్నాను.

శుక్రవారం ఇల్లు చేరాను. శనివారం రాత్రి మొదలైన వాన సోమవారం ఉదయానికీ తగ్గలేదు. స్కూళ్ళకి సెలవిచ్చేశారు. పీఈటీ మేస్టారు రెయిన్‌కోటు వేసుకుని బండి మీద వచ్చి, అరుగు ఎక్కకుండానే చెప్పారు.

"గ్రౌండులో మోకాళ్ళ లోతు నీళ్ళండి. ఆటలు శనివారానికి మార్చేసారండి."

గురువారం నా విమానం. మేస్టారు నాకేదో మంచి కబురు మోసుకొచ్చానన్న సంతోషంతో "మంచిదేనండి, పిల్లలు ఇంకో నాలుగ్రోజులు ప్రాక్టీసు చేసుకుంటారు" అన్నారు. ఆయనకేం తెలుసు!

మేడంకి మెసేజ్ నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చెరిపాను. ఐదోసారి పంపాను. మూడు రోజులు, మూడే రోజులు ఎక్కువ ఇవ్వమని, టికెట్టు పోతే పోయింది, కొత్తది నేనే కొనుక్కుంటానని. ఆవిడ వెంటనే ఫోను చేసింది. వాళ్ళమ్మగారికి తుంటి ఆపరేషనయిందని నాకూ తెలుసు. ఆవిడ శుక్రవారం చక్రాల కుర్చీలో అబుదాబీ వస్తోంది. సార్ సౌదీలో పని మీద ఉన్నారు. శనివారమే పాప వాళ్ళ టోర్నమెంటు, దాని ఏర్పాట్లన్నీ మేడం నెత్తి మీదే ఉన్నాయి. "ఇంకే వారమైనా నువ్వు అడగక్కర్లేకుండా ఇచ్చేదాన్ని" అని ఏడ్చేసింది. ఆవిడ ఏడుస్తుంటే నేనే సముదాయించాను. తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికితే ప్రాణానికి కాస్త హాయిగా ఉండేది. వాననెవరు తిడతారు?

మంగళవారం మధ్యాహ్నం నా కూతురు, చూరు కారుతున్న అరుగు మీద నన్ను నిలబెట్టి "కూతకి రా అమ్మా" అంది. చీర పైకి దోపుకుని "కబడ్డీ కబడ్డీ" అంటూ రెండడుగులు వేశానో లేదో, అది కిందికి వంగి నా మడమ పట్టేసింది. దభీమని కూలబడ్డాను. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇదే అమ్మా నా పని. ఒకసారి పట్టాక వదలకూడదు. ఆళ్ళు ఎంత లాగినా, ఎంత తన్నినా వదలకూడదు. వదిలేస్తే పాయింటు పోయినట్టే" అంది నా కాలు పట్టుకునే.

"వదులే తల్లీ, నీకు పుణ్యముంటాది, నడుం పోయింది" అన్నాను.

"ఊఁహూఁ" అంది. చాలాసేపు వదల్లేదు.

బుధవారం సాయంత్రం హైదరాబాద్ బస్సెక్కాను.

శనివారం పొద్దున అబుదాబీ మైదానంలో పెద్దావిడ కుర్చీ నీడలోకి తోసి, ఒళ్ళో దుప్పటి కప్పి, బత్తాయిల డబ్బాలు సర్ది, గీత పక్కన నిలబడ్డాను. అక్కడ పది గంటలు, మా ఊళ్ళో పదకొండున్నర. అక్క వీడియోకాల్ చేసింది. తాడు బయట నిలబడి ఫోను పైకెత్తి పట్టుకుంది. బొమ్మ ఊగుతోంది, ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. అయినా నా పిల్లని గుర్తుపట్టాను. ఎడమ మూల, చేతులు చాచి వంగి నిలబడి ఉంది. మొదటిసారి నా కూతురు ఆడగా చూస్తున్నాను, అదీ అరచేయంత అద్దంలో.

ఇక్కడ మైదానంలోనూ ఈల మోగింది. తల్లిదండ్రులు "యల్లా, యల్లా" అని అరబ్బీలో తొందరపెడుతూ అరుస్తున్నారు. నేను తల ఎత్తలేదు. చెప్పాలంటే సిగ్గుగానే ఉంది, ఆ పూట ఆ పాప ఆట నేను చూడనే లేదు.

ఆఖరి నిమిషాలు. పాయింట్లు సరిసమానంగా ఉన్నాయని అక్క అరుస్తోంది. అవతలి జట్టులో పొడుగాటి పిల్ల కూతకొచ్చింది. నా కూతురు వంగింది. మడమ దొరికింది. ఆ పిల్ల నేల మీద పడి మధ్యగీత వైపు దేక్కుంటూ పోతోంది, తనతో పాటు నా కూతుర్ని కూడా బురదలో ఈడ్చుకుపోతోంది. పక్కపిల్లలు ఇంకా అందుకోలేదు. నేనెక్కడున్నానో మర్చిపోయాను. గొంతు చించుకుని అరిచాను.

"వదలొద్దు! వదలొద్దే తల్లీ! వదలొద్దు!"

మైదానంలో ఈల మోగింది. ఫోనులో కాదు, నా ఎదురుగా. తలెత్తాను. మేడం కూతురు బంతిని రెండు చేతులతో గుండెకి హత్తుకుని, నా వైపే చూస్తూ నిలబడిపోయి ఉంది. ఆరడుగులో ఏడడుగులో పరిగెత్తేసింది. నేలకి కొట్టలేదు, తన్నలేదు, పక్కపిల్లకి ఇవ్వలేదు. రిఫరీ వచ్చి అడిగినా బంతి ఇవ్వలేదు. వేళ్ళు ఊడదీసినట్టు తీసుకోవాల్సి వచ్చింది. అవతలి జట్టువాళ్ళు ఆ బంతితోనే గెలిచేశారు.

మళ్ళీ ఫోను చూసేసరికి బొమ్మ ఆగిపోయి ఉంది. అందులో ఒక చెయ్యి, ఒక మడమ, మధ్యలో బురద.

పాప ఏడ్చుకుంటూ వచ్చి నా నడుం చుట్టేసింది.

"అక్కా, నువ్వే వదలొద్దన్నావు! నేను వదల్లేదు!"

అది నీకు కాదని ఎలా చెప్పను? ఐదేళ్ళు దానికోసం అరిచిన నోరు ఇది. చక్రాల కుర్చీలో పెద్దావిడ ఏమైందని అడుగుతోంది, మేడం అటునుంచి పరిగెత్తుకుంటూ వస్తోంది. నేను బత్తాయి ముక్క తీసి పాప నోట్లో పెట్టి, అవును, నాదే తప్పు, నువ్వు బాగా పట్టుకున్నావు అన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చాక పెద్దావిడ పెట్టె విప్పి, వచ్చే ఏడు క్యాలెండర్ నా చేతికిచ్చింది. కొట్టువాళ్ళని ముందే అడిగి పుచ్చుకున్నాననీ, ఈసారి పోస్టు ఖర్చు లేకుండా తనే తెచ్చాననీ నవ్వింది. ఎర్రపెన్నుతో అన్నీ రాసే ఉన్నాయి. దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, వెనక్కి తిరిగి, నా కూతురికి ఫోను చేశాను. ఒక్క పాయింటుతో ఓడిపోయారు. మోచేతికి కట్టుతో కూర్చుని ఉంది.

"వదిలేసానమ్మా" అంది. "గీత ఇంకో జానెడుందనగా వదిలేసాను."

"పోన్లే తల్లీ."

"నువ్వు చూసావా?"

"చూసానే. అరిచాను కూడా."

"ఏమని?"

"వదలొద్దని."

"నాకు వినపడలేదమ్మా. పెద్దమ్మ ఫోను తాడవతల ఉంది కదా."

పాప ఏం చేసిందో చెప్పాను. అది నవ్వుతుందేమోనని చెప్పాను. నవ్వలేదు. అప్పుడు అది అన్న మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆ తరవాత చాలా రోజులు వెతికాను. అదేదో ఉండి ఉంటే నాకు బాగుండేది.

"పోన్లే అమ్మా," అంది, "ఆ పాపకన్నా వినపడింది."