పెదనాన్న ఇవ్వని ఐసు

మా పెదనాన్న పోయారన్న వార్త నేను మొదట నమ్మలేదు. దుఃఖం పట్టలేక నమ్మలేదని పాఠకులు నా గురించి గొప్పగా ఊహించుకోవద్దు. ఆయనతో నా అనుభవం అలాంటిది. వార్త మోసుకొచ్చింది ఆయన ఐసు ఫ్యాక్టరీలో ఇంజను నడిపే మేస్త్రి. నెల్లూరులో నా హాస్టలు గది గుమ్మంలో నిలబడి, తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"అబ్బయ్యా, పెద్దాయన పొయినాడు."

"యాడికి?" అన్నాను.

"మద్రాసుకి గాదులే అబ్బయ్యా. ఈసారి నిజంగానే పొయినాడు."

ఆ ప్రశ్నకు చరిత్ర ఉంది. రెండేళ్ళ కిందట పెదనాన్న మద్రాసు వెళ్తున్నానని అందరికీ చెప్పి, సంచీ భుజాన వేసుకుని బస్సు దాకా నడిచి, వెనక దారిన తిరిగొచ్చి ఊక గుట్ట చాటున దాక్కున్నారు. తాను లేనప్పుడు పనివాళ్ళు ఏం చేస్తారో చూడాలని ఆయన పరిశోధన. వాళ్ళు పని చేశారు. ఆయన నిద్రపోయారు. మధ్యాహ్నం ఐసు దిమ్మల మీద కప్పడానికి ఊక తవ్వబోతే మేస్త్రి పారకు మెత్తగా ఏదో తగిలింది. అది యజమాని కాలు. అప్పటినుంచి మా ఫ్యాక్టరీలో పెద్దాయన ఊళ్ళో లేడంటే ముందు గుట్ట వెనక చూసి రావడం ఆచారమైంది.

మా ఊరు అల్లూరు వెళ్ళే బస్సులో మేస్త్రి కళ్ళు తుడుచుకుంటూ నా చెవిలో చెప్పాడు: "ఈ పొద్దు గూడా చూసొచ్చినానబ్బయ్యా. గుట్ట ఎనక లేడు."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

మా పెదనాన్న మొదట అమ్మింది ఐసు కాదు, వేడి. కిరసనాయిలు డబ్బాలు కోసి ఊక పొయ్యిలు చేసి టీ హోటళ్ళకు అమ్మేవారు. పొయ్యిలమ్మిన మనిషి ఉన్నట్టుండి అల్లూరు నుంచి సముద్రానికి పోయే రోడ్డు పక్కన షెడ్డు వేసి, ఆయిలు ఇంజను దింపి, నీళ్ళను రాయి చేస్తానంటే జనం అనుమానించకుండా ఉంటారా? షెడ్డులోంచి వచ్చే అమ్మోనియా ఘాటు ఏదో మందు వాసన అన్నారు. ఐసులో పెట్టిన చేప అయితే ఇంకా కష్టం. మా ప్రాంతపు ఇల్లాళ్ళు చేప చెవి ఎత్తి వేలు పెట్టి చూస్తారు. చల్లగా తగిలిందా, తిరిగి అమ్మేవాళ్ళ గంపలోకే విసిరేస్తారు. చల్లటి చేప అంటే చచ్చి చాలా కాలమైన చేప అని వాళ్ళ శాస్త్రం.

జనం ఆయన్ను అనుమానిస్తే ఆయన జనాన్ని అనుమానించారు. లెక్క సరిపోయింది. నీళ్ళు నింపిన రేకు డబ్బాలను ఉప్పునీళ్ళ తొట్టిలో దించి గడ్డ కట్టిస్తారు. డబ్బాకు చిల్లి పడితే ఐసు ఉప్పగా అవుతుంది. అందుకని బయటికి పోయే ప్రతి దిమ్మ మూలా విరిచి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, తీర్పు చెప్పేవారు. "ఐసు అబద్ధం చెప్పదురా. చేసేవాడు చెప్తాడు" అనేవారు. ఒక ఏడు మా క్రైస్తవుల గుడిలో కోత పండుగకు అందరూ వేలం పాటకు కోళ్ళూ గుమ్మడికాయలూ తెస్తే, ఈయన ఒక దిమ్మ తెచ్చి పీఠం ముందు పెట్టారు. ఆ రోజు పాస్టరు అయ్యగారి ప్రసంగం నోవహు ఓడ గురించి. అది ముగిసేసరికి ఓడ తేలేంత నీరు మిగిలింది, ఐసు మిగల్లేదు. అయ్యగారు కావాలనే సాగదీశారని పెదనాన్న చివరిదాకా నమ్మారు.

కాలేజీలో చేరిన కొత్తలో నన్ను పట్టుకుని పరీక్ష పెట్టారు. "చదువుకునేవాడివి గదా, చెప్పు. నీళ్ళలోంచి తీసిన వేడి యాడికి పోతాది?" నేను పుస్తకంలోది ఏదో వల్లించాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "చలవ అనేది యాడా లేదురా. ఉండేదంతా వేడే. ఒక చోట చల్లబడిందంటే ఇంకో చోట ఎవుడికో కాల్తా ఉన్నట్టే." నాకు పాఠం చెప్పిన లెక్చరర్లు నన్ను క్షమించాలి. ఆ ముక్క నాకు అర్థమైంది ఆయన దగ్గరే.

ఇక అసలు సంగతి. ఫ్యాక్టరీ పెట్టిన మొదటి వేసవిలో ఒక రైతు ఇంట చావు జరిగితే, కొడుకులు వచ్చేదాకా శవాన్ని ఉంచడానికి రెండు దిమ్మలు పట్టుకెళ్ళారు. శవం కింద మిగిలిన ఐసు ఫ్యాక్టరీకి తిరిగొచ్చిందనీ, అక్కణ్ణుంచి షర్బత్తుల్లోకి వెళ్ళిందనీ పుకారు లేచింది. అది బజారులోని సోడా కొట్టు బెంచీ మీద పుట్టిందని పెదనాన్న అనుమానం. "నేను పుట్టించలా. ఇన్నది చెప్పినానంతే" అని సోడా కొట్టాయన వాదన. ఎవరు కన్నా బిడ్డ మాత్రం ఏపుగా పెరిగింది. ఆ వేసవంతా ఒక్కరూ ఐసు కొనలేదు. దిమ్మలు ఊకలోనే కరిగిపోయాయి. పెదనాన్న గేటుకు బోర్డు కట్టించారు: "శవములకు ఐసు ఇవ్వబడదు." అంతవరకు అనుమానం లేనివాడికి కూడా ఆ బోర్డు చదివితే వచ్చేది. అయినా మెల్లగా బేరాలు కోలుకున్నాయి.

మూడేళ్ళకు సోడా కొట్టాయన తల్లి పోయింది. ఆయన అన్న కోయంబత్తూరు మిల్లులో పని చేసేవాడు, మర్నాటికి గాని రాలేడు. సోడా కొట్టాయన మండుటెండలో గేటు పట్టుకుని నిలబడ్డాడు. పెదనాన్న లోపలినుంచే, "నీకిస్తే రేపు నీ కొట్లో సోడా గూడా ఎవురూ ముట్టరు. నీ మంచికే చెప్తా ఉండా" అన్నారు. గేటు తెరవలేదు. అన్న వచ్చేసరికి చితిలో బూడిద మిగిలింది.

అప్పటినుంచి పెదనాన్న రోజూ సాయంత్రం ఆ కొట్టుకు వెళ్ళి సోడా తాగేవారు. అందరికీ ఐసులో పెట్టిన సీసాలు ఇచ్చే ఆ మనిషి ఈయనకు మాత్రం ఎండలోని పెట్టెలోంచి తీసి వెచ్చటిది కొట్టి ఇచ్చేవాడు. ఈయన ఆఖరి చుక్కదాకా తాగి, డబ్బులు పెట్టి వచ్చేసేవారు. పుకార్లు కనిపెట్టడానికి వేగుపని చేస్తున్నారని నా అనుమానం. ఒకసారి అడిగేశాను: "చల్లటిది అడగొచ్చు గదా పెదనాన్నా, ఐసు మనదే గదా?"

"అడిగేదానికి నాకు ముఖం ఉండాదా?" అన్నారు.

మేమిద్దరం ఇల్లు చేరేసరికి పెదనాన్నను ముందు గదిలో మంచం మీద పడుకోబెట్టారు. ఇంజను పక్క కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. అక్క, అంటే ఆయన ఒక్కగానొక్క కూతురు, నాగపూరు ఆసుపత్రిలో నర్సు. తంతి అందింది. ఎంత తొందరగా బయల్దేరినా మూడో రోజు ఉదయానికి గాని రాదు. రోహిణి ఎండలు. సాయంత్రానికే సమాధి చెయ్యక తప్పదని అయ్యగారు మెల్లగా చెప్పారు.

"బిడ్డ ముఖం చూడొద్దా?" అంది పెద్దమ్మ.

మేస్త్రి నేల చూస్తూ అన్నాడు: "ఊక కింద నలభై దిమ్మలుండాయమ్మా."

ఆ ఫ్యాక్టరీ మీద ఎనిమిది కుటుంబాలు బతుకుతున్నాయి. శవానికి ఐసు వాడారన్న మాటతో మళ్ళీ ఒక వేసవి పోతే ఫ్యాక్టరీయే పోతుంది. గోనెలు చుట్టి, పైన గడ్డి కప్పి, వెనక దోవలో తెద్దామని ఎవరో గొణిగారు. అంతలో వాకిట్లోంచి గొంతు వినిపించింది.

"మా అమ్మకు రాని ఐసు ఈయనకెట్టా వస్తాదో చూద్దామని వచ్చినా."

సోడా కొట్టాయన. మేస్త్రి చేతులు బిగించి లేచాడు. పెద్దమ్మ అతన్ని ఆపి మెట్లు దిగి వెళ్ళింది.

"నువ్వెట్టా చెప్తే అట్టా చేస్తా నాయనా. నువ్వు వద్దంటే ఈ పొద్దే మన్ను చేసేస్తాం. నా బిడ్డ వచ్చి సమాధి చూసుకుంటాది."

ఆయన ఆమె వంక చూడలేదు. బజారు వైపు తిరిగి అన్నాడు: "తెప్పించుకో అక్కా. ఎనక దోవలో మాత్రం గాదు. బజారు మీద రావాల. గోనె కప్పేదానికి ల్యా. అందరూ చూడాల."

ఇది దయా, పగా? నాకిప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం పగేనని ప్రమాణం చేసి ఉండేవాణ్ణి.

"అట్టనే" అంది పెద్దమ్మ.

నాలుగు దిమ్మలు ఎడ్లబండి మీద, గోచీ కూడా లేని పసిపిల్లల్లా, నడి బజారులో ఊరేగాయి. ఎండలో తెల్లటి ఆవిర్లు లేస్తుంటే జనం కొట్ల ముందు నిలబడి చూశారు. ఒకావిడ పిల్లను వెనక్కి లాక్కుంది. వాకిట్లో దింపేముందు మేస్త్రి ఒక దిమ్మ మూల విరిచి నోట్లో వేసుకున్నాడు. "ఉప్పు ల్యా అబ్బయ్యా" అని, బండి చక్రం పట్టుకుని ఏడ్చాడు.

మూడో రోజు ఉదయం అక్క వచ్చింది. ముందు ఏడవలేదు. జ్వరం చూసినట్టు నాయన నుదుటి మీద అరచెయ్యి ఉంచి, అలాగే కూర్చుండిపోయింది.

ఇప్పుడు మా ఫ్యాక్టరీలో అమ్మకం సగానికి పడిపోయింది. పెద్దమ్మ బోర్డు తీయించింది. చావు జరిగిన ఇంటికి అడక్కముందే బండి పంపుతోంది. ఎవరి అనుమానాలు వాళ్ళవి. నేను రోజూ తలుచుకునేది ఆ ఉదయం వాకిలి.

మంచం కింది ఐసు కరిగి, తూములోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వీధి ఇసకలోకి సన్నటి కాలవ కట్టింది. చూడవచ్చినవాళ్ళు కంచె దగ్గర చెప్పులు విడిచి, కాళ్ళు కాలి గెంతుతూ, ఆ నీళ్ళ దగ్గరికి రాగానే అవి తగలకుండా పంచెలూ చీర కుచ్చెళ్ళూ ఎత్తిపట్టి అవతలికి దూకుతున్నారు. సోడా కొట్టాయన కూడా వచ్చాడు. లోపల అక్క అప్పుడే గొంతెత్తి, "నాయనా" అంది. ఆయన అక్కడే ఆగిపోయాడు. ఒక కాలు ఆ నీళ్ళలో పెట్టాడు. తర్వాత రెండోది.

"ఎండలో ఏందన్నా, ఇట్టా నీడకు రా" అన్నాడు మేస్త్రి.

ఆయన కదల్లేదు. నీళ్ళు ఆయన కాళ్ళ చుట్టూ తిరిగి వీధిలోకి పోతున్నాయి. పంచె అంచు తడిసి మడమలకు అంటుకుంది. దాన్ని ఎత్తుకోలేదు.